ఓరుగల్లు ప్రేమకథ రాయాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ప్రేమ సీరియళ్లు రాయడం మొదలుపెట్టినవాళ్లు, ఎక్కువగా డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలు, నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాళ్ల కథల్లో ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న ఇద్దరుంటారు, ఇంట్లో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది, దాని మధ్యలో ప్రేమ. నేను చెప్పే జవాబులు ఇక్కడ ఒక్కచోట పెట్టాను. కొన్ని పొడుగ్గా ఉన్నాయి, కొన్నిటికి రెండు ముక్కలే సరిపోయాయి.

కుటుంబ కష్టం కోసం నాన్నకు గుండెపోటు పెట్టాను. చాలదా?

చాలదు. గుండెపోటు ఒక్క రాత్రి సంగతి. వరంగల్ పెద్దాసుపత్రి ఎంజీఎంకు ఆటోలో తీసుకుపోయారు, డాక్టర్ ప్రమాదం తప్పిందన్నాడు, అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాఠకులు దీన్ని ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. వాళ్లు చదవంది ఆ తర్వాతి ఆరు నెలలు.

మన దగ్గర చాలా ఇళ్లలో కష్టం అంటే మిత్తి, అప్పు మీద వడ్డీ. 3 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు 6,000. ఏడాది తిరిగేసరికి 72,000 కట్టి ఉంటారు, అసలు 3 లక్షలూ అలాగే ఉంటాయి. ఈ అంకెలు కథలో కనబడకపోయినా మీ నోట్‌బుక్‌లో మాత్రం ఉండాలి. అవి ఉంటే సీన్లు వెతుక్కునే పని తప్పుతుంది. అబ్బాయి పుట్టినరోజుకు 12,000 పెట్టి ఫోన్ కొనిచ్చాడు. అమ్మాయి కంటికి అది రెండు నెలల మిత్తి. తీసుకోనంది, కారణం చెప్పలేదు. అతను తననే వద్దంటోందని అనుకున్నాడు. ఇంత గొడవ రావడానికి విలన్ కావాలా? ఎవరో పంపిన దొంగ మెసేజ్ కావాలా?

ఆసుపత్రి సీన్లు రాసేవాళ్లకు ఇంకో మాట. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. అందుకే ఇప్పటి కథలో ‘తెల్లారేలోగా ఐదు లక్షలు కట్టకపోతే ఆపరేషన్ చేయరు’ అని రాస్తే పాఠకులకు అనుమానం వస్తుంది. కార్డు పనికిరాని సందర్భాలు ఉంటాయి, అలాంటిది కావాలంటే కనుక్కుని రాయండి. కార్డు పనిచేసినా బయట చేయించే పరీక్షలు, తోడున్నవాళ్ల తిండి, బస్సు చార్జీలు, అన్నిటికంటే నాన్న పనికి పోలేని నెలలు ఇంటిని కుంగదీస్తాయి. తోడున్నది కూతురైతే ఆమె అటెండెన్స్ కూడా పోతుంది. నాకైతే ఆపరేషన్ కంటే ఆ అటెండెన్స్‌లోనే కథ కనిపిస్తుంది.

రైతు కుటుంబం అని రాశాను. ఇంకేం వివరం కావాలి?

పట్టా ఎవరి పేరు మీద ఉంది? మొదట అది తేల్చుకోండి. సొంత భూమి ఉన్న రైతు, కౌలు రైతు ఒకే చేనుగట్టు మీద నిలబడి ఉన్నా వాళ్ల బతుకులు వేరు. 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడింది. అదే ఏడాది ఆగస్టులో మొదలైన రైతుబీమా కింద 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ఆ కాలంలో కౌలుకు చేసే నాన్న ఈ రెండింటికీ బయటే. పంట పెట్టుబడి, కౌలు, నష్టం మాత్రం ఆయనవి. మీ అమ్మాయి నాన్న కౌలు రైతు, అబ్బాయి నాన్నది ఆ భూమి అనుకోండి. ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనకముందే ఆ ప్రేమకు బరువు వచ్చేసింది.

ఇక ఏ నెలలో ఏం జరుగుతుందో తెలియాలి. పత్తి గింజ మృగశిర తర్వాత, జూన్ వానలకు పడుతుంది. వాన మొహం చాటేస్తే మళ్లీ గింజ కొని మళ్లీ పెట్టాలి. గింజలు, మందులు, యూరియా చాలామందికి ఖాతా మీద వస్తాయి, పంట ఆ దుకాణం మనిషి చెప్పిన అడ్తికే, అంటే కమీషన్ వ్యాపారికే పోతుంది. ఏరుడు అక్టోబర్‌లో మొదలై జనవరి దాకా సాగుతుంది. అంటే దసరా నాటికి చాలా ఇళ్లలో చేతికి డబ్బు రాదు, ఖర్చు మాత్రం వస్తుంది. పండుగ సీన్ రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోయి అందరికీ కొత్త బట్టలు వేసేస్తారు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ సీన్ పెడితే తేమ గురించి తెలుసుకోండి. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొనాలంటే పత్తిలో తేమ 12 శాతం దాటకూడదు, 8 శాతం ఉంటే పూర్తి ధర. రాత్రి మంచు పట్టిన బస్తాలు, బండి మీద టార్పాలిన్, తేమ మీటర్‌లో వచ్చిన అంకె చూసి నాన్న ముఖం. సీసీఐ వద్దంటే ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. సాయంత్రం చేతిలోకి వచ్చే అమ్మకం చీటీ, తక్‌పట్టీ మీద హమాలీ, కమీషన్ తీసేయగా మిగిలిన అంకె చూసి ఆ రాత్రి ఇంట్లో కూతురి చదువు గురించి మాట్లాడుకుంటారు. అప్పుడే ఆమెకు అబ్బాయి నుంచి మెసేజ్ వస్తుంది. ఏం రాస్తుంది?

మిర్చి అయితే క్యాలెండర్ మారుతుంది. కోత జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఎండబెట్టేది కల్లంలో. ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెడతారు, దాన్నే మార్కెట్లో ఏసీ మిర్చి అంటారు. పెట్టగలిగేది ఆగే ఓపిక ఉన్నవాళ్లే. 2021-22 సీజన్‌లో తామర పురుగు వరంగల్, మహబూబాబాద్ వైపు తోటలను ఊడ్చేసింది. ఆ ఏడాదిని కథాకాలంగా తీసుకుంటే కష్టాన్ని ఊహించాల్సిన పనే లేదు, ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఇంటర్ పరీక్షలు మామూలుగా మార్చిలో, మిర్చి కోతలూ మార్చిలోనే. కూలీలు దొరకని రోజు పరీక్ష రాయాల్సిన పిల్ల చేలో ఉందంటే ఎవరిని తిట్టాలి?

ఇద్దరూ ఎక్కడ కలుసుకోవాలి? వేయి స్తంభాల గుడి బాగుంటుంది కదా?

ఫొటోకు బాగుంటుంది. 1163 నాటి గుడి, అందమైనది, కాదనను. కానీ పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చి హన్మకొండలో డిగ్రీ చదివే పిల్ల అక్కడ ఎవరినీ కలవదు. సోమవారం వస్తే చిన్నమ్మ కనబడుతుంది, కార్తీకమాసంలో ఊరంతా కనబడుతుంది. భద్రకాళి బండ్ మీద కూడా సాయంత్రం వాకింగ్‌కు వచ్చేవాళ్లలో సగం మంది ఎవరో ఒకరికి చుట్టాలే.

మన దగ్గర ప్రేమలు చాలా వరకు జిరాక్స్ సెంటర్ల దగ్గర, నయీంనగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, హన్మకొండ బస్టాండ్‌లో ములుగు బస్సు కోసం నిలబడ్డ చోట, లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో మొదలవుతాయి. కాజీపేటలో రైలు మారే పిల్లలకు ప్లాట్‌ఫాం ఉంటుంది. అందరూ చూస్తూ ఉండగా, ఎవరికీ కనబడకుండా మాట్లాడుకునే చోట్లు ఇవి.

బస్సు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే 2023 డిసెంబర్ 9 తర్వాత బస్సులో ప్రేమ మారిపోయింది. ఆ రోజు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయికి ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే చాలు. అబ్బాయికి మాత్రం చార్జీ ఉంది. ఆమె నర్సంపేట దాకా ఊరికే పోగలదు, తోడు పోవాలంటే అతను జేబు తడుముకోవాలి. డబ్బులు లేవని చెప్పలేక ‘నాకు పని ఉంది’ అన్నాడు. ఆమె అలిగింది. ఒక పథకం ఇంత చిన్న సీన్‌ను ఊరికే ఇచ్చిపోతే తీసుకోకపోవడం తెలివి కాదు. కథ 2023కు ముందు జరిగేదైతే మాత్రం ఆమె బస్ పాస్ గడువు తేదీ కూడా మీరు రాసుకోవాలి.

అబ్బాయిని బాగా డబ్బున్నవాణ్ని చేయొచ్చా?

చేయండి. కానీ మూడో భాగంలో అతను అప్పు తీర్చేస్తే నాలుగో భాగానికి మీ దగ్గర ఏమీ మిగలదు. తీర్చకపోతే ఎందుకు తీర్చలేదని అడుగుతారు. ఈ చిక్కు వద్దనుకుంటే ఇద్దరికీ ఇబ్బందే పెట్టండి, వేరువేరు రకాలవి.

మాది జగిత్యాల వైపు. నాన్న గల్ఫ్‌లో ఉన్న అమ్మాయి కథ రాస్తున్నాను. ఏవి తప్పుపోకూడదు?

ముందు టైమ్. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు. నాన్న పని దిగి వండుకుని తిని ఫోన్ చేసేసరికి ఇక్కడ రాత్రి పదిన్నర, పదకొండు. అబ్బాయి కూడా ఆ టైమ్‌కే చేస్తాడు. ఐఎంఓ యాప్ కాల్‌లో నాన్న, మామూలు కాల్‌లో అతను. ఆమె ఏది కట్ చేయాలి? గల్ఫ్ ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ ఒక్క సీన్ చాలు, మిగతా అంతా వాళ్లే ఊహించుకుంటారు.

తర్వాత వీసా. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన కోవలోకి వస్తుంది. అది తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు ఉన్నారు. అలా పోయినవాడికి అక్కడ పనిచేసే హక్కు ఉండదు. కంపెనీ విడిచి బయట దొరికిన పని చేసుకునే మనిషిని మనవాళ్లు ఖల్లివెల్లి అయ్యాడంటారు. అతను ఇష్టం వచ్చినప్పుడు ఇంటికి రాలేడు, కూతురి పెళ్లికైనా సరే. ‘నాన్న సర్‌ప్రైజ్‌గా దిగాడు’ అన్న సీన్ రాసేముందు ఆయన ఏ వీసా మీద ఉన్నాడో చూసుకోండి.

మూడోది చాలామంది వదిలేసేది. నాన్న లేని ఇంట్లో పెత్తనం ఎవరిది? పెద్దబాపుదా, మేనమామదా, అమ్మదేనా? రెండేళ్లకోసారి వచ్చే నాన్నకు కూతురు ఎప్పటికీ పోయిన సెలవుల్లో చూసినంతే. తొమ్మిదో తరగతిలో వదిలిపోయిన పిల్ల ఇంటర్‌కు వచ్చేసింది. ప్రేమిస్తున్నానని చెప్పడానికి ఆమెకు ఆయనతో పరిచయమే సరిగా లేదు. మీరు సమస్యనంతా కుర్రాడి కులంలో వెతుకుతున్నారు, అసలు సంగతి ఈ పరిచయం లేకపోవడంలో ఉంది.

సాగు, గల్ఫ్ కాకుండా వేరే ఏవైనా?

బోలెడు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి బొగ్గుగని ఇళ్లు: షిఫ్టుల ప్రకారం నడిచే ఇల్లు, మెడికల్ బోర్డులో నాన్న అన్‌ఫిట్ అయితే ఆయన బదులు వచ్చే డిపెండెంట్ ఉద్యోగం ఏ బిడ్డకు పోవాలన్న తగాదా. ఉద్యోగం వస్తేనే పిల్లనిస్తామన్న మాట అక్కడ చాలా మామూలు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు: పగలూ రాత్రీ ఆ చప్పుడు, ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సు, ఆర్డర్ లేని నెలలు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చిన కాలంలో పని ఎలా ఉండేదో, అది లేనప్పుడు ఎలా ఉందో తేడా చూపించొచ్చు. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు బీడీలు: ఒడిలో చాట, తునికాకు, వెయ్యి బీడీల లెక్క. పిల్ల ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంది, ఎందుకంటే చేతులు ఖాళీ లేవు. స్పీకర్‌లో ప్రేమ మాటలు ఎలా మాట్లాడతారో మీరే ఆలోచించుకోండి. వరంగల్‌లోనే కొత్తవాడ ఉంది, దర్రీలు, అంటే జంపఖానాలు నేసే ఇళ్లు. దాని మీద ఎవరూ ప్రేమకథ రాయకపోవడం నాకు ఆశ్చర్యం.

పాత్రల వయసు ఎంత ఉండాలి? ఇంటర్ ప్రేమలు రాయొచ్చా?

ఇష్టపడటం, ఎదురుచూడటం, ఉత్తరం రాసి చింపేయడం ఏ వయసులోనైనా రాయండి. కానీ 18 నిండని పాత్రల మధ్య శారీరక సంబంధం రాయకండి. 2012 నాటి పోక్సో చట్టం కింద 18 లోపు పిల్లల అంగీకారానికి విలువ లేదు, అబ్బాయి మీద కేసు పడుతుంది. అది అలా ఉంచినా, పిల్లల గురించి అలా రాయడం నాకు నచ్చదు.

పెళ్లి వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21. ఈ మూడేళ్ల తేడాను మన రచయితలు సరిగా వాడుకోలేదు. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే ఈడు. పద్దెనిమిది నిండిన రోజు నుంచి ఆమెకు సంబంధాలు వస్తాయి. అతనికి చట్టప్రకారం పెళ్లి చేసుకోవాలంటే ఇంకా మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఆమె ఒక్కతే ఇంట్లో ఏదో ఒక సాకు చెబుతూ నెట్టుకురావాలి. డిగ్రీ అయ్యాక, బీఎడ్ అయ్యాక, కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డాక. అతను మాత్రం ‘ఎంతకాలమైనా ఎదురుచూస్తా’ అంటాడు. ఎదురుచూసే భారం ఎవరి మీద ఉందో అతనికి అర్థమయ్యే రోజు మీ నవలలో ఉంటే బాగుంటుంది.

చివర్లో లేచిపోయి రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుంటారు. ఒక్క పేజీలో రాసేయొచ్చా?

రాయలేరు, కనీసం ఒక్క రోజులో జరిగినట్టు రాయలేరు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతారు. 30 రోజులు గడిచాక, ముగ్గురు సాక్షులతో పెళ్లి. వేరువేరు మతాల వాళ్లు ఎక్కువగా పట్టేది ఇదే దారి. ఆ 30 రోజులు గోడ మీద వాళ్ల పేర్లు ఉంటాయి, ఆ ఆఫీసుకు ఊరి మనిషి ఎవరైనా భూమి రిజిస్ట్రేషన్ పనికి రావచ్చు. మీ థ్రిల్ అంతా అక్కడుంది. ఇద్దరూ హిందువులైతే గుళ్లోనో, ఆర్యసమాజ్‌లోనో పెళ్లి చేసుకుని తర్వాత రిజిస్టర్ చేయించుకోవడం వేరే పద్ధతి. రెండిటినీ కలిపేయకండి.

మేజర్లైన ఇద్దరి పెళ్లిలో కుల పెద్దలు, పంచాయితీలు వేలు పెట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ సీన్ రాసేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి, కనీసం ఆ స్టేషన్‌లో ఒక్క పాత్రకైనా తెలిసి ఉండాలి.

లేచిపోవడం వెనక ఒక ఖర్చు కూడా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు. పేదింటి ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి 2014లో 51,000తో మొదలై 2018కి 1,00,116 అయింది. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది, పెళ్లయ్యాక వస్తుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకుని పెళ్లికి అప్పు తెచ్చిన తల్లులు ఉన్నారు. పెళ్లి పీటల మీది నుంచి కూతురు వెళ్లిపోయిన ఇంట్లో పరువుతో పాటు ఈ లెక్క కూడా తప్పుతుంది. కథ ఆమెతో పాటు బస్సెక్కి వెళ్లిపోతుంది కాబట్టి ఆ ఇంటి వైపు మనం చూడం. ఒక్క అధ్యాయమైనా వెనక్కి వెళ్లి చూడమంటాను.

అయితే తల్లిదండ్రులను విలన్లుగా చూపించకూడదా?

కొందరు నిజంగానే విలన్లు. కూతురిని కొట్టే తండ్రిని మంచివాడని రాయమని నేను చెప్పను. కానీ మీరు రాసే తండ్రుల్లో ఎక్కువమంది భయపడేవాళ్లు. చెల్లెలికి సంబంధాలు రావేమోనని, అప్పిచ్చినవాడు రేపే వచ్చి అడుగుతాడేమోనని, తమ్ముడు మాట్లాడటం మానేస్తాడేమోనని. భయం కోపంగా బయటికి వస్తుంది. ఏ భయమో మీకు తెలిస్తే డైలాగ్ మారుతుంది. ‘నా శవం మీదుగా పో’ అనే నాయిన మాయమై, ‘పత్తి అమ్మేదాంక ఆగు బిడ్డా, తర్వాత మాట్లాడుదాం’ అనే నాయిన వస్తాడు. రెండోవాడి ముందు ఎదురు తిరగడం చాలా కష్టం.

కులం పేరు రాయాలా?

రాయండి, లేదా పాఠకులకు తెలిసిపోయేలా రాయండి. ‘వాళ్లు వేరే వాళ్లు’ అని దాటేసే కథల్లో తండ్రి కోపానికి కారణమే కనబడదు. వాడ, చావడి, బావి, పెళ్లిలో ఎవరు ఏ పంక్తిలో కూర్చున్నారు, ఇంట్లోకి ఎంతవరకు రానిచ్చారు, ఏ గ్లాసులో చాయ్ పోశారు: ఇవి చెబితే పేరు చెప్పినట్టే.

సంభాషణలు మన యాసలో రాయాలా, పుస్తక భాషలోనా?

కథనం మామూలు తెలుగులో, మాటలు ఇంట్లో మాట్లాడుకున్నట్టు. నేను ఇదే చేస్తాను. అన్ని పాత్రలకూ ఒకే యాస వేయకండి. అమ్మమ్మ ‘ఏం జేత్తానవ్ బిడ్డా’ అంటుంది, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి వచ్చిన మనవరాలు ‘ఏం లేదమ్మమ్మా, అసైన్‌మెంట్’ అంటుంది. నాయిన, బాపు అనే పిలుపులు ఒక్కో వైపు ఒక్కోలా ఉంటాయి, మీ ఊళ్లో ఏది ఉంటే అది రాయండి. ప్రేమలో పడ్డాక అమ్మాయి అబ్బాయిని ‘మీరు’ అనడం ఇక్కడి కాలేజీ పిల్లల్లో నేను వినలేదు. యాసను కామెడీ పాత్రకు మాత్రమే ఇచ్చే పాత అలవాటు సినిమాలకు వదిలేద్దాం.

బతుకమ్మ, సమ్మక్క జాతర పెట్టాలనుకుంటున్నాను.

పెట్టండి, తేదీలు చూసుకుని. మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి వస్తుంది. 2024 ఫిబ్రవరిలో జరిగింది, తర్వాత 2026 జనవరిలో. మీ కథ 2025లో జరుగుతుంటే ఆ సీన్ కుదరదు. మొక్కు బెల్లానికి బంగారం అని పేరు, మనిషి బరువుకు సరిపడా తూచి ఇస్తారు. నాయిన తిరిగి లేచి నడిస్తే నిలువెత్తు బంగారం అని అమ్మ మొక్కుకుంది. నడిచాడు. ఇప్పుడు బెల్లం కొనాలి. మొక్కు కూడా అప్పే.

బతుకమ్మలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. మీ కథలో ఇద్దరికీ మాటలు లేని రోజులు కావాలంటే అంతకంటే మంచి రోజు దొరకదు. గునుగు, తంగేడు తేవడానికి చేన్లకు పోయేది మగపిల్లలే. ఎవరి ఇంటికి కాస్త ఎక్కువ గునుగు చేరిందో ఆడవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ముద్దు సీన్?

రాయొచ్చు. కానీ ముందు వాళ్లిద్దరికీ ఓ గంట ఖాళీ గది ఎక్కడ దొరికిందో చెప్పండి. అది చెప్పలేకపోతే ముద్దు కూడా లేనట్టే.

అబ్బాయికి ఉద్యోగం రావాలి. గ్రూప్-1 కొట్టించొచ్చా?

కొట్టించండి, ఎన్నేళ్లు పట్టిందో కూడా రాయండి. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్, అక్టోబర్‌లో ప్రిలిమ్స్, పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ పరీక్ష, సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్. ఇంత కాలం హన్మకొండలో రూమ్ అద్దె కట్టి, మెస్ బిల్లు కట్టి చదివిన పిల్లలు ఎంతమందో. ‘ఈ ఎగ్జామ్ కాగానే మా ఇంట్లో చెప్తా’ అన్న మాట మూడుసార్లు వాయిదా పడితే అమ్మాయి ఏం చేయాలి? ఇంటికి సంబంధం వచ్చింది, అతను చేతిలో జాబ్ లేక నోరు తెరవలేదు. ఇద్దరిదీ తప్పు లేదు. టెన్షన్ పెంచడానికి ఇంకేమీ కలపకండి.

ఆత్మహత్య సీన్ తప్పదు అనిపిస్తోంది.

నాకు అనిపించడం లేదు. మన జిల్లాల్లో ఇది చాలా ఇళ్లలో జరిగిన విషయం, చదివేవాళ్లలో అలాంటి ఇంటివాళ్లు ఉంటారు. ఎలా చేసుకున్నారో వివరాలు రాయకండి, అది ప్రేమకు రుజువు అన్నట్టు అసలే రాయకండి. కథకు అవసరమైతే బతికి ఉన్నవాళ్ల తర్వాతి రోజులు రాయండి. రాస్తుంటే మీకే మనసు బరువెక్కినా, చదివినవాళ్లు ఎవరైనా మీకు అలాంటి మెసేజ్ పెట్టినా టెలీమానస్ నంబర్ 14416. ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులో కూడా. నంబర్‌ను భాగం చివర పెడితే ఇంకా మంచిది.

మా ఫ్రెండ్ నిజజీవిత కథ రాయొచ్చా?

ఆమెను అడిగి. పేరు, ఊరు, కాలేజీ, అక్కచెల్లెళ్ల సంఖ్య మార్చి. ఆమె వద్దంటే వద్దు. ఊళ్లో ఎవరైనా చదివి పోల్చుకుంటే దెబ్బలు పడేది మీకు కాదు.

చివరికి కలవాలా, విడిపోవాలా?

పాఠకులు కలపమనే అడుగుతారు, కామెంట్లలో బతిమాలుతారు కూడా. కలపండి. కానీ అప్పును ఊరికే మాయం చేయకండి. ఉన్నట్టుండి అమెరికా బాబాయి దిగడం, పొలం పక్కన రోడ్డు పడి రేటు పెరగడం, లాటరీ, ఇవన్నీ అంతవరకు మీరు రాసిన ప్రతి పేజీనీ అబద్ధం చేస్తాయి. పెళ్లయ్యాక కూడా నెలకు 6,000 మిత్తి కట్టాలి, ఇప్పుడు ఇద్దరు కడతారు. లేదా ఆమె మొదటి జీతంలోంచి పుట్టింటికి పంపుతానంటుంది, అత్త ఊరుకోదు. నాకు ఇష్టమైన ముగింపులన్నీ ఇలాంటివే, కొంచెం తెరిచి ఉంచినవి.

విడిపోయే ముగింపు రాస్తే ఎవరు వదిలేశారో స్పష్టంగా రాయండి. ‘విధి విడదీసింది’ అంటే పాఠకులు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

ఎన్ని భాగాలు రాయాలి?

నలభై దాటితే మీకే విసుగొస్తుంది. పరీక్షల ముందు మొదలుపెట్టకండి.

రాశాక ఎవరికి చూపించాలి?

సాగు భాగాలు సాగు చేసే మనిషికి, బీడీల భాగం బీడీలు చేసే అమ్మకు చదివి వినిపించండి. చదవడం రానివాళ్లయినా సరే, నిజానికి వాళ్లే బాగా వింటారు. రేటు తప్పు, నెల తప్పు, ఆ మందు ఆ పురుగుకు కొట్టరు అని మొహం మీదే చెబుతారు. అక్కడికక్కడే దిద్దుకోండి. ప్రేమ భాగాలు ఈడువాళ్లకు చూపించండి. అయితే సాగు భాగం విన్న పెద్దాయన మరుసటి వారం కనబడి ‘గా పిల్ల సంగతి ఏమైంది’ అని అడిగితే సీరియల్ పోస్ట్ చేయడం మొదలుపెట్టొచ్చు.